అద్దాలు మూసిన బండి

ఆ పొద్దున బోధన్‌లో బండి తీసేటప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి: వెనక కిటికీలకు ముదురు నీలం పరదాలు కట్టిన ఒక అమెరికా కారు, అందులో చల్లగాలి ఇచ్చే మిషన్, రెండు సీసాల నీళ్లు, ఒక తువ్వాలు, నా భార్యను ఇంటికి తీసుకుపోవచ్చునని డిచ్‌పల్లి ఆస్పత్రి వారు పోస్టులో పంపిన కాగితం, ఇంటి వెనక తలుపు తాళంచెవి, ఇంకా ఒక అత్తగారు. అత్తగారు చనిపోయి నాలుగేళ్లయింది. అయినా ఆమెను ఉన్నవాటిలోనే వేసుకోవాలి. బోధన్ బజారులో ఆమె ఇంకా బతికే ఉంది, ధర్మాబాద్‌లో మంచం పట్టి ఉంది, నా భార్య రేణుకమ్మ ఇంకా ఆమెకు గంజి తాగిస్తూనే ఉంది. ఆ సంగతి పుట్టించింది నేనే. పుట్టించిన రోజున ముసలామె నిజంగానే ఉంది, మంచం కూడా నిజమే. తరువాత ఆమె పోయింది, నేను పోనివ్వలేదు. "అత్తకెట్లుంది సేటు?" అని ఎవరైనా అడిగితే "గట్లనే ఉంది" అనేవాణ్ణి. చలికాలంలో దగ్గు ఎక్కువైందని, వానలు పడ్డాక కాస్త లేచి కూర్చుంటోందని, కాలాన్ని బట్టి మార్చి చెప్పేవాణ్ణి. నేను బెల్లం వ్యాపారిని. సరుకు చెడిపోకుండా నిల్వ ఉంచడం నాకు వచ్చిన పని.

మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి వీటిలో ఒకటి పని చేయడం మానేసింది. డిచ్‌పల్లి దాటి మూడు మైళ్లు వచ్చామో లేదో, ముఖానికి తగులుతున్న గాలి చల్లదనం పోయి వట్టి గాలి అయింది, ఆ తరువాత వేడిగాలి అయింది. మొదట నా భ్రమ అనుకున్నాను. మిషన్ పిడి చివరిదాకా తిప్పాను. గాలి జోరు పెరిగింది కానీ పొయ్యి మీద నుంచి వచ్చినట్టే వస్తోంది. వెనక సీట్లో రేణుకమ్మ కూర్చుని ఉంది. ఆస్పత్రి గేటు దగ్గర ఎక్కినప్పుడు ఒక్క మాట అన్నది, "గింత పెద్ద బండెందుకు, మనం ఇద్దరమే గదా" అని. తరువాత పరదా అంచు పట్టుకుని చూసి మళ్లీ వదిలేసింది. నేను ఎదుటి అద్దంలో ఆమెను చూస్తూనే ఉన్నాను. డెబ్బై రెండు మే నెల, వానలు తప్పిన ఏడాది, రోడ్డు మీద తారు మెత్తబడి చక్రాలకు అంటుకుంటున్న ఎండ. అద్దాలు దించితే గాలి వస్తుంది. దించలేదు. ఈ బండి కొన్నది చల్లదనం కోసమని బజారు అనుకుంటోంది. కాదు. అద్దాలు మూసుకోవచ్చునని కొన్నాను. మే నెలలో అద్దాలు మూసుకుని పోయే బండిని చూసి ఎవరూ ఎందుకని అడగకూడదంటే అందులో చల్లగాలి మిషన్ ఉండాలి. హైదరాబాదులో ఒక నవాబుల ఇంట మూలన పడి ఉన్న బండి ఇది. దీన్ని తెచ్చుకుని, నా యాభై రెండో ఏట స్టీరింగు పట్టడం నేర్చుకున్నాను. డ్రైవర్‌ను పెట్టుకుంటే వాడికి నోరు ఉంటుంది కదా.

ఆస్పత్రిలో నర్సమ్మ ఇంకో కాగితం చేతికిస్తూ రెండు సంగతులు చెప్పింది. ఒకటి, కుష్ఠురోగం పోయింది, ఎవరికీ అంటదు, సంతకం కూడా ఉంది చూసుకోండి. రెండోది, "ఈమె చేతులకూ కాళ్లకూ చెమట పట్టదు, వేడి లోపలే నిలిచిపోతుంది, ఎండలో ఉంచకండి. చేతుల్లో స్పర్శ కూడా లేదు. కాలినా తెగినా తెలియదు, మీరే చూసుకోవాలి." మొదటి సంగతి నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండోది మడవడానికి వీలు లేని సంగతి. అద్దాలు మూసి ఉంచితే ఆమెకు ఎండదెబ్బ. దించితే ఊరి కంటిదెబ్బ. రెంటి మధ్యా నిలబడినది ఆ మిషన్ ఒక్కటే, అదే ఆగిపోయింది. రెండు గంటలకు బోధన్‌లో ఫ్యాక్టరీ భోంగా మోగుతుంది, ఆ తరువాత బజారు నిద్ర లేస్తుంది. దానికి ముందే వెనక తలుపు దగ్గర ఆమెను దింపాలని నా ఏర్పాటు.

నిజామాబాదు మొదట్లో, హైదరాబాదు సడక్ మీదనే అస్లం మోటారు షెడ్డు. బండి నా చేతికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నవాడు అతనే. రేకుల కింద బండి ముందు సగమే పట్టింది. వెనక సగం, రేణుకమ్మ ఉన్న సగం, ఎండలోనే మిగిలింది. అస్లం చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంది సేటు, ఏనుగు సుస్తయిందా?"

"ఠండి మిషన్ నడుస్తలేదు. గ్యాస్ అయిపోయినట్టుంది."

"నాడి సూడకముందే రోగం పేరు నువ్వే చెప్తవు. ఇగ నేనెందుకు? లోపట ఎవరన్న ఉన్నరా?"

"ఇంటోళ్లున్నరు."

"అట్లనా. ధర్మాబాద్ నుంచి తీస్కొస్తున్నవా?"

"అవ్."

అస్లం బానెట్ ఎత్తబోతూ ఆగి, నేను వచ్చిన దిక్కుకు ఒకసారి చూశాడు. ధర్మాబాద్ ఉన్నది అటు, గోదావరి వైపు. నేను వచ్చింది ఇటు నుంచి, డిచ్‌పల్లి వైపు. ఆరేళ్లుగా ఏ సందూ వదలకుండా కట్టిన గోడకు నేనే తలుపు పెట్టి, ఆ తలుపులోంచే నడిచి వచ్చాను. అతను బానెట్ పైకెత్తి దాని కింద తల పెట్టేశాడు. నేను తలకిందులు చేసిన డబ్బా మీద కూర్చున్నాను. ఇంటోళ్లు అనే మాట మంచి మాట. భార్య పేరు నలుగురిలో చెప్పనక్కర్లేదు. ఒక్కరో నలుగురో తెలియదు, ఎట్లా ఉంటారో తెలియదు, ఆరోగ్యం ఎట్లా ఉందో అడగనక్కర్లేదు. ఆ మాట కూడా పరదా వంటిదే. నీలం రంగు లేదంతే.

ఇంజను నడుస్తోంది. అస్లం బెల్టును వేలితో నొక్కి చూశాడు. బెల్టు బిగువుగానే ఉంది. నేను అచ్చు బెల్లాన్ని వేలితో కొట్టి చూసినట్టే కొట్టి, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. బెల్లం మంచిదైతే మట్టికుండలా పలుకుతుంది, పాకం తగ్గితే మూగగా ఉంటుంది. యాభై ఆరులో, రాష్ట్రాలు కలిసిన ఏడు, బోధన్‌లో దుకాణం పెట్టినప్పుడు నాకు తెలిసిన విద్య అదొక్కటే. రేణుకమ్మకు అంతకంటే ఎక్కువ తెలుసు. గానుగ దగ్గర పాకం చూడాలంటే ఆమే చూడాలి. మరుగుతున్న పెనంలోంచి గరిటెతో ఒక చుక్క తీసి చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, ఇక దించండి అనేది. అరవై ఐదు చివర, చలిలో, ఒకరోజు ఆ చుక్కను నీళ్లలో వేయడం మరిచి సూటిగా వేళ్ల మీదకు తీసుకుంది. ఉండ చేసింది. దించండి అన్నది. నేను ఆమె వేళ్లు చూశాను. తోలు లేచి ఉంది. ఆమె నా ముఖం చూసింది, ఎందుకు అట్లా చూస్తున్నానో తెలియక. గానుగ చుట్టూ ఎద్దులు తిరుగుతూనే ఉన్నాయి. ఆ క్షణమే నాకు అర్థమైంది, ఆమెకంటే ముందు. జనవరిలో డిచ్‌పల్లి తీసుకుపోయి చేర్పించాను. రాత్రి బస్సులో.

"సేటు, ఇట్ల రా. ఇది సూడు." అస్లం పిలిచాడు. బెల్టు తిప్పుతున్న చక్రం గిరగిర తిరుగుతోంది, దాని ముందు ఉన్న పళ్లెం మాత్రం కదలకుండా నిలబడి ఉంది. "బయటి చక్రం తిరుగుడు కాదు పని. కరెంటు వస్తె లోపట అయస్కాంతం గీ పళ్లెంను పట్టుకుంటది. అప్పుడు పంపు తిరుగుతది, సల్లదనం వస్తది. పట్టుకుంటలేదు. చక్రం ఊకె తిరుగుతున్నది." నేను చూశాను. బయట అంతా నడుస్తున్నట్టే ఉంది. లోపలిది నిలిచిపోయింది. అతను నాకేమైనా చెప్తున్నాడేమోనని అతని ముఖం చూశాను. అతను పళ్లెం గురించే చెప్తున్నాడు.

వెనక తలుపు దగ్గరికి పోయి అద్దం మీద వేలితో కొట్టాను. అర అంగుళం దిగింది. "నీళ్లు తాగినవా?" అన్నాను. "తాగిన. తల దిమ్ముగున్నది," అన్నది. గొంతు పొడిగా ఉంది. తువ్వాలు తడిపి ఆ సందులోంచి లోపలికి తోశాను. ఎదురుగా రోడ్డు అవతల చాయ్ హోటల్లో నలుగురు కూర్చుని బండినే చూస్తున్నారు. బోధన్ వాళ్లు కాదు, ముఖాలు తెలియవు. అయినా మళ్లీ అద్దం ఎక్కించమన్నాను. ఆమె ఎక్కించింది. అస్లం దగ్గర గోనె పట్టా అడిగి, తడిపి, బండి పైకప్పు మీద పరిచాను. ఆవిరి లేచింది. బెల్లం గోదాములో ఎండాకాలం చేసే పనే ఇది. సరుకు కరగకుండా పైకప్పు తడుపుతాము. సరుకు గురించి నాకు తెలిసినదంతా మనిషికి చేస్తున్నాను. అది తప్పని అప్పుడు తోచలేదు. ఎంతసేపు ఆగుతుంది అని మాత్రం లెక్క వేస్తున్నాను. పావుగంట. ఇరవై నిమిషాలు. లోపల మనిషి ఉంది కనుక పదిహేను అనుకుందాం.

అస్లం బ్యాటరీ నుంచి ఒక తీగ తెచ్చి పంపుకు సూటిగా తగిలించాడు. ఠక్కుమని చప్పుడైంది, పళ్లెం పట్టుకుంది, ఇంజను ఒక్కసారి బరువుగా మూలిగింది. అతను గ్యాస్ పోయే గొట్టం మీది చిన్న గాజుబిళ్లలోకి తొంగి చూసి నవ్వాడు. "బుడగలు లేవు. గ్యాస్ నిండుగున్నది. నీ గ్యాస్ మాట వింటె ఇయ్యాల హైదరాబాద్ బాట పట్టేటోనివి." అట్లాగే తీగ కట్టి పంపించు, ఇల్లు చేరితే చాలు అన్నాను. "చేరవు. ఆపేటోడు లేకుంటె పంపు ఆగకుంట నడుస్తది. ఎడపల్లి దాటకముందే లోపట మంచు కట్టి గాలి బందైతది. అప్పుడు నడి తొవ్వల ఏం జేస్తవు? జర ఆగు. పంపు బాగుంది, గ్యాస్ బాగుంది, బెల్టు బాగుంది. కరెంటు నడుమ ఎక్కడ్నో ఆగింది. ఎక్కడాగిందో దొరకవట్టాలె." తీగ తీసేశాడు. ఆ రెండు నిమిషాలు వచ్చిన చల్లగాలి మళ్లీ పోయింది.

నడుమ ఎక్కడో ఆగింది. నెలకొక ఆదివారం. ఫిబ్రవరి అరవై ఆరు నుంచి ఈ ఏప్రిల్ దాకా డెబ్బై అయిదు ఆదివారాలు. ప్రతిసారీ కొత్తగా దిగిన సరుకులోంచి ఒక అచ్చు ఏరేవాణ్ణి, కొట్టి, మూల విరిచి నమిలి, రంగు చూసి, ఉప్పు తగలనిది, ఇసుక లేనిది, బజారుకు చూపని సరుకు. ఆ రోజు పత్రికలో చుట్టి డిచ్‌పల్లి గేటు దగ్గర కాపలా ఉండే పోశన్న చేతికి ఇచ్చేవాణ్ణి. "లోపటికి రారాదు సేటు, అమ్మ ఎదురు సూస్తది" అనేవాడు. సరుకు దింపుకునేది ఉంది అనేవాణ్ణి. లోపలికి పోయింది మూడుసార్లు. మూడోసారి ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది, కనుబొమలు పలచబడ్డాయి, ఎడమ చేతి రెండు వేళ్లు వంగి ఉన్నాయి. "బెల్లం మంచిగుంటున్నది, పాకం ఎవరు సూస్తున్నరు?" అని అడిగింది. గానుగ నౌకరు చూస్తున్నాడని చెప్పాను. "వాడు నిమిషం ముందుగాల దించుతుండు," అన్నది. ఆరేళ్లలో మా మధ్య నడిచిన సంభాషణలో గుర్తుంచుకోదగినది అదే. డెబ్బై అయిదు ఆదివారాలకు డెబ్బై నాలుగు అచ్చులు చేరాయి. పోయిన నెలది చేరలేదు. గేటు దగ్గర బస్సు కోసం బాపురావు నిలబడి ఉన్నాడు. బోధన్‌లో నా దుకాణానికి ఎదురు దుకాణం అతనిది. అతను నన్ను చూసేలోపు బండి ఆపకుండా సూటిగా కామారెడ్డి వైపు పోనిచ్చాను. అరగంట తరువాత తిరిగి వచ్చినా అతను అక్కడే ఉన్నాడు. ఇంటికి వచ్చేశాను. ఈరోజు బండి ఎక్కగానే ఆమె "పోయిన నెల రాలేదేం?" అని అడగలేదు. అడగకపోవడమే అద్దంలో చూస్తూ వచ్చాను.

అద్దం దిగుతున్న చప్పుడైంది. తిరిగి చూశాను. పరదా పక్కకు జరిగింది. వెనక కిటికీ అద్దం మొత్తం, చివరిదాకా దిగింది. రేణుకమ్మ ముఖం బయటకు వచ్చింది, ఎర్రగా, నోరు తెరిచి గాలి తాగుతూ. చేయి కిటికీ అంచు మీద ఆనించింది. ఆ అంచుకు తళతళలాడే రేకు పట్టీ ఉంది. గంట నుంచి ఎండలో ఉన్న రేకు. నేను దాన్ని పొరపాటున తాకి చేయి వెనక్కి తీసుకున్నది ఇంతకుముందే. ఆమె తీయలేదు. చాయ్ హోటల్ వైపు చూస్తూ నింపాదిగా ఆనించి ఉంచింది. ఆమె ముఖంలో నొప్పి లేదు. అరవై ఐదు చివర గానుగ దగ్గర ఉన్న ముఖమే. నేను లేచి రెండు అంగల్లో పోయి ఆమె చేతిని ఎత్తాను. ఆరేళ్ల తరువాత తాకిన చేయి. అరచేతి అంచున గీత గీసినట్టు ఎర్రగా ఉంది, బొబ్బ ఇంకా లేవలేదు. ఆమె తన చేతిని కాదు, నా చేతిని చూసింది. రేకు కాలుతున్నది అన్నాను. "అవునా," అన్నది, పక్కింటి సంగతి విన్నట్టు. సీసాలో మిగిలిన నీళ్లు ఆ చేతి మీద పోశాను. తడి తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కిటికీ అంచు మీద పరిచి, చేయి దాని మీద పెట్టాను. పరదా మళ్లీ వేద్దామని పట్టుకున్నాను.

"ఇగో, ఇంటున్నరా," అన్నది. "గీ ఉక్కల సచ్చే కంటె నలుగురు సూసుడే నయం."

పరదా వదిలేశాను. చాయ్ హోటల్లో నలుగురూ ఒక నిమిషం చూసి, చాయ్ చల్లారిపోతుందని కాబోలు, మళ్లీ గ్లాసుల మీదికి వంగారు. అంతే. ఇంత పెద్ద పెట్టుబడి పెట్టి కాపాడుకున్నది ఒక నిమిషం చూపునా అనిపించింది.

అస్లం ముందు సీటు ఎదుట డ్యాష్‌బోర్డు కిందికి దూరి వెల్లకిలా పడుకుని, ఒక చిన్న బల్బుకు తీగలు కట్టి, కరెంటు ఉన్నచోట అది వెలుగుతుంటే చెప్తూ పోతున్నాడు. ఇక్కడ ఉంది. ఇక్కడా ఉంది. పిడి దాకా ఉంది. పిడి దాటితే లేదు. "దొరికింది సేటు. స్విచ్చిల ఆగింది." స్విచ్చి విప్పి చేతిలోకి తీసుకుని బయటకు వచ్చాడు. వెలుతురులో పట్టి చూశాడు. రెండు చిన్న బిళ్లలు ఒకదాన్నొకటి తాకాల్సిన చోట నల్లగా, జిగటగా ఏదో నిండి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. నాలుక చివర పెట్టుకున్నాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు, ఆపుకోలేక పొట్ట పట్టుకుని.

"సేటు, నీ బండికి చక్కెర రోగం! సీమలు, సూడు. బిళ్లల నడుమకు పోయి మాడి సచ్చినయి. పైకెల్లి ఏదో కారింది. పైన ఏమున్నది? గీ సొరుగుల ఏం పెట్టినవు?"

నాకు తెలుసు. అతను సొరుగు తెరవకముందే తెలుసు. నా గోదాములో బల్లల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంటాయి, గోడ వెంట పసుపు గీత ఉంటుంది, గడప దగ్గర సున్నం ఉంటుంది. పదహారేళ్లలో నా సరుకు చీమల పాలు కాలేదని బజారులో చెప్పుకుంటారు. అస్లం సొరుగు తెరిచి పత్రిక పొట్లం బయటకు తీశాడు. ఒక పక్క కరిగి పాకమై కింది సందులోంచి కారి ఎండింది, మరో పక్క గట్టిగానే ఉంది, మొత్తం మీద ఎర్రచీమలు పాకుతున్నాయి. ఏప్రిల్ ఆదివారం పత్రిక. బాపురావు నిలబడిన రోజు.

కిటికీలోంచి రేణుకమ్మ చూస్తోంది. పొట్లాన్ని చూసింది, పత్రికను చూసింది, నన్ను చూసింది.

"గది నా బెల్లమేనా?"

"అవ్."

"గేటు దాంక వచ్చి పోయినరా?"

బస్సు స్టాపులో బాపురావు ఉన్నాడని చెప్పాను. వేరే సాకు ఏదీ ఆ క్షణాన చేతికి అందలేదు. అందినా వేసేవాణ్ణి కాదేమో, చెప్పలేను. ఆమె చేయి చాపింది. "ఇటియ్యి," అని అస్లంతో అన్నది. అతను ఇచ్చాడు. వంగిన రెండు వేళ్లతో గట్టి పక్కను పట్టుకుని రెండో చేత్తో ఒక మూల విరిచింది. గానుగ దగ్గర మేమంతా చేసినట్టే ఉఫ్‌మని ఊది చీమలు రాల్చింది, నోట్లో వేసుకుంది. నమిలింది.

"నిమిషం ముందుగాలనే దించిండు," అన్నది. "ఇంకా చెప్పలేదా వానికి?"

అస్లం గరుకు కాగితంతో బిళ్లలు రుద్దాడు, కిరోసిన్‌తో కడిగాడు, ఊదాడు, బిగించాడు. పిడి తిప్పగానే ముందు వైపు నుంచి ఠక్కుమని చప్పుడు వినిపించింది. పళ్లెం పట్టుకుంది. చల్లగాలి వచ్చింది. రేణుకమ్మ దిగి షెడ్డు నీడలో నాలుగడుగులు నడిచి వచ్చింది. కాళ్లకు ఆస్పత్రి చెప్పులు, నల్ల టైరు అడుగు వేసి కుట్టినవి. అస్లం వాటి వైపు చూసి, "అక్కా, ఆ టైరు నా దుకాణందే," అన్నాడు. "పాత టైర్లన్ని డిచ్‌పల్లికే ఇస్త. బొంబాయి లారీల టైరు గది. ఇంక పదేండ్లు అరగది." ఆమె కాలు ఎత్తి అడుగు చూసుకుంది. "అందుకేనా గింత బరువు," అన్నది. ధర్మాబాద్ అనే ఊరి పేరు మళ్లీ ఎవరమూ ఎత్తలేదు.

బండి తీశాను. ఒంటి గంట దాటింది. గాలి చల్లగా ఉంది, అద్దాలు ఎక్కిస్తే భోంగాకు ముందే వెనక తలుపు చేరవచ్చు, అనుకున్న లెక్క అనుకున్నట్టే కుదురుతుంది. అద్దం ఎక్కించు అన్నాను. ఆమె ఎక్కించలేదు. "మిషన్ నడవనియ్యి. అద్దం గట్లనే ఉండనియ్యి," అన్నది. రెండూ ఎట్లా, చల్లదనమంతా బయటకు పోతుంది అన్నాను. "పోనియ్యి," అన్నది. నిజామాబాదు నడిబజారులోంచి, బోధన్ రోడ్డు మీదుగా, జానకంపేట, ఎడపల్లి, మైళ్లకు మైళ్లు, మిషన్ నడుపుతూ అద్దాలు తెరిచి పోయాను. లోపల చేసిన చల్లదనాన్ని కిటికీలోంచి చెరుకు కొయ్యకాళ్లకు పంచుకుంటూ పోవడం. ఇటువంటి వ్యాపారం నేను పదహారేళ్లలో చేయలేదు. ఆమె ముఖం ఎరుపు తగ్గింది. చేయి తువ్వాలు మీదనే ఉంది. శక్కర్‌నగర్ దగ్గరికి రాగానే భోంగా మోగింది. ఆమె "అదే కూత," అన్నది, ఎవరినో గుర్తుపట్టినట్టు.

వెనక సందు వైపు తిప్పబోతే "ముందట్కెల్లి పోదాం" అన్నది. ముందు తలుపు లోపల గడియ, నా దగ్గర ఉన్నది వెనక తలుపు తాళంచెవి ఒక్కటే. అట్లాగే ఏర్పాటు చేసుకున్నాను మరి. బండిని బజారులో ఇంటి ముందు ఆపి, ఇంజను ఆపకుండా, సందు చుట్టి వెనక నుంచి లోపలికి పోయి ముందు తలుపు తీయాలి. ఆ కొద్దిసేపూ ఆమె నడిబజారులో తెరిచిన కిటికీ దగ్గర ఒంటరిగా ఉంటుంది. నేను దిగుతుండగానే గాజులమ్మే నాగవ్వ మలారం గంప దించుకుని లేచి వస్తోంది. సందు తిరుగుతుంటే ఆమె గొంతు వినిపించింది. "ఓ రేణుకక్కా! ఎన్ని దినాలకు! మీ అవ్వకెట్లుంది?"

"మా అవ్వ సచ్చిపోయి నాలుగేండ్లాయె నాగవ్వా."

సందులో ఆగిపోయాను. నాగవ్వ ఏమంటుందో వినాలని ఆగాను.  నాగవ్వ అన్నది, "గట్లనా. మరి మీ సేటు పోయిన వారం గూడ గంజి తాగుతున్నదనె." రేణుకమ్మ నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోయి చాలా కాలమైంది. వెనక తలుపు తాళం తీసి చీకటి ఇంట్లోంచి నడిచాను, మేడ మీద ఆమె కోసం సిద్ధం చేసిన కిటికీ లేని గదికి పోయే మెట్లు దాటి, ముందు తలుపు గడియ తీశాను.

గడప మీద నిలబడి చూశాను, ఇంటికి చేరాక నా దగ్గర మిగిలినవేమిటని. అత్తగారు లేరు. పరదాలు ఎందుకూ పనికిరావు. నీళ్ల సీసాలు ఖాళీ. తువ్వాలు ఎండి అట్టలా కిటికీ అంచుకు అంటుకుంది, దాని మీద ఆమె చేయి. డెబ్బై అయిదు అచ్చులూ చేరినట్టే, చివరిదానికి ఒక మూల తక్కువ. బజారులో ఒకరు, చెప్పుల దుకాణం ముసలాయన, తన మనవడిని రెక్క పట్టి లోపలికి తీసుకుపోయాడు. అదీ వేసుకోవాలి. కిటికీ దగ్గర నాగవ్వ ఉంది, రెండు మోచేతులూ తువ్వాలు పక్కన ఆనించి, కళ్లు మూసుకుని, చల్లగాలికి ముఖం పెట్టి. "అబ్బ, గిదేందక్కా, సల్లగ పానం లేచొచ్చినట్టున్నది," అంటోంది. ఆమె వెనక పక్కింటి ఈరవ్వ వచ్చి "జర జరుగవే, మేం గూడ సూస్తం" అని తోస్తోంది. ఇంకొకామె, పేరు తెలియదు, చంకలో పిల్లతో వంగి ఆ పిల్ల ముఖాన్ని కూడా గాలికి పెట్టింది. పిల్ల రేణుకమ్మ వంగిన వేలు పట్టుకుంది. ముగ్గురు ఆడవాళ్లు, ఒక పిల్ల. ఎవరూ దగ్గరికి రాకూడదని కొన్న మిషన్. పెట్రోలు కాలుతోంది. ఇంజను ఆపుదామని రెండు మెట్లు దిగాను. ఆపలేదు.